డేరా టాకీసు పారుబాయి కోసం ఉట్నూర్ దాకా

మెట్‌పల్లిలో మొదటి సినిమా హాలును కూలగొట్టి ఆ జాగాలో ఫంక్షన్ హాలు కడుతున్నారు. టాకీసు పెట్టిన ముసలాయన మనుమడు శ్రీకాంత్ గేటు పక్కన ఒక నల్లరాయి నిలబెట్టి, ఆ టాకీసును నడిపినవాళ్ల పేర్లు చెక్కిస్తున్నాడని మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ఎవరెవరి పేర్లని అడిగాను. నాలుగు పేర్లు చదివాడు. నలుగురూ మగవాళ్లే. డేరాలో మా ఆడవాళ్లకు సినిమా కథ చెప్పిన పారుబాయి పేరు లేదు. ఆ పేరు కూడా ఆ రాయి మీద ఉండాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నాకు డెబ్బై ఆరేళ్లు. ఊర్లు చూసే సరదా ఎన్నడూ లేదు. చూసి వచ్చాను కాబట్టి, పోనివాళ్ల కోసం రాస్తున్నాను.

కరీంనగర్ బస్టాండు

బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టే అంత దూరం పోయానని మా కోడలు అంటుంది. సగం నిజమే. మిగతా సగం ఈ కాగితాల్లో ఉంది.

నాకు తోడు మా ఆడబిడ్డ నర్సవ్వ వచ్చింది. నాకంటే ఏడాది చిన్నది. మేమిద్దరం మెట్‌పల్లిలో ఒకే గల్లీలో పెరిగాం. తర్వాత ఆమె అన్నకే నన్ను ఇచ్చారు. నేను రెండు రోజులకు సరిపడా సర్వపిండి, చింతకాయ తొక్కు కట్టుకున్నాను. ఆమె పట్టుచీర, పౌడరు డబ్బా పెట్టుకుంది. కండక్టరు వచ్చి ఆధార్ కార్డు చూపించమంటే చీరల అడుగు నుంచి తీసి ఇచ్చింది. అది జిరాక్సు. అసలుది ఇంట్లో టీవీ మీద ఉందట.

"గిది నడవది అవ్వా. అసల్ది గావాలె," అన్నాడు కండక్టరు.

"నా మొఖం అసల్దే కద బిడ్డా," అన్నది నర్సవ్వ.

బస్సంతా నవ్వింది. కండక్టరు నవ్వుతూనే టికెట్టు కొట్టాడు. పూర్తి చార్జీ. జగిత్యాల వచ్చేదాకా నేను ఆమెతో మాట్లాడలేదు. జగిత్యాలలో ఆమె మనుమడు కార్డు ఫోటో ఫోన్‌కు పంపించాడు. ఆ తర్వాత కొందరు కండక్టర్లు దాన్ని ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. ఒప్పుకోనప్పుడల్లా నేను కిటికీ దిక్కు తిరిగాను.

మాట్లాడటం మొదలుపెట్టాక పారుబాయి సంగతే మాట్లాడాం. అక్కడి నుంచి మాట ఒక సినిమా మీదికి పోయింది. దాని పేరు మా ఇద్దరికీ తెలియదు. అందులో ఒకడు భార్యను వదిలి పట్నం పోతాడు, అక్కడ ఇంకొకతెను చూసుకుంటాడు. ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. భార్య చెంబుతో నీళ్లిస్తుంది. ఇద్దరూ చాలాసేపు హిందీలో మాట్లాడుకుంటారు. తర్వాత తెర మీద మూసిన తలుపు ఒక్కటే కనబడుతుంది. సినిమా అయిపోతుంది.

ఆ తలుపు ఎవరి ముందు మూసుకుందన్నదే మా కొట్లాట. పారుబాయి మాకు చెప్పింది వేరు. "నీళ్లు తాగినవు, ఇగ నీ తొవ్వల నువ్వు పో" అని భార్య అతని ముఖం మీదే తలుపు పెట్టుకుందని చెప్పింది. నర్సవ్వ భర్త మాత్రం ఉర్దూ బాగా చదివినవాడు. చనిపోయేదాకా ఒకటే మాట చెప్పేవాడట: తప్పు నాదేనని భార్యే క్షమాపణ అడిగింది, ఇద్దరూ లోపలికి పోయారు అని.

"పారుబాయి చెప్పిందే ఖరారు," అన్నాను.

"అవు, నీకు ఖరారే గద. గా పిక్చర్ జూసే మా అన్నను ఏడాది అరుగు మీద పండవెట్టినవు," అన్నది నర్సవ్వ.

అది నిజం. మా ఆయన భీవండికి మగ్గం పనికని పోయి, ఆరేళ్లు పైసా పంపకుండా, అక్కడ ఇంకో కొంప పెట్టి, ఒకరోజు సంచీతో తిరిగి వచ్చాడు. నేను చెంబుతో నీళ్లిచ్చాను. అరుగు చూపించాను. ఏడాది దాకా గడప దాటనివ్వలేదు. ఊరంతా ఏదో ఒకటి అన్నది. నా మనసులో మాత్రం జంకు లేదు, ఎందుకంటే అలా చేసిన ఆడమనిషిని నేను పదమూడేళ్లప్పుడే చూశాను.

మెట్‌పల్లి

శ్రీకాంత్‌కు నలభై అయిదేళ్లుంటాయి. మర్యాద తెలిసినవాడు. కూలిన గోడల పక్కన కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, వాళ్ల తాత సంగతులు చెప్పాడు. ఆయన నాందేడ్ పోయి ఎవరో వాడిన సినిమా మిషను, ఆయిలింజను కొని బండి మీద తెచ్చాడట. ముందు డేరా, తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత గోడల హాలు. మా తమ్ముడి కాలానికి మేడ మీద కుర్చీలు కూడా వచ్చాయి. నాకు తెలిసింది డేరా ఒక్కటే.

కోతలైన చేన్లో డేరా వేసేవాళ్లు. నేల మీద ఇసుక పోసేవాళ్లు. సోలెడు జొన్నలు తెచ్చినా లోపలికి రానిచ్చేవాళ్లు. ఒకటే మిషను కాబట్టి రీలు మారినప్పుడల్లా దీపం వెలిగేది. మగవాళ్లు ఒక దిక్కు, మేము ఒక దిక్కు. మధ్యన గోనెసంచులు విప్పి కుట్టిన పరదా. తక్కువకు దొరుకుతాయని వచ్చేవన్నీ హిందీ రీళ్లే. మగవాళ్లు బడిలో ఉర్దూ చదివినవాళ్లు, సర్కారు కచేరీకి పోయి వచ్చేవాళ్లు, వాళ్లకు అర్థమయ్యేది. మాకు ఒక్క ముక్క తెలియదు. "ఏమంటుండే? ఎందుకేడుస్తుందే?" అని ఒకరినొకరు అడుగుతుంటే అటు దిక్కు నుంచి మగవాళ్లు కసిరేవాళ్లు.

పారుబాయి ఇంజను తిప్పేవాడి భార్య. ఆదిలాబాదు దిక్కు మనిషి, ఇంట్లో మరాఠీ. ఆడవాళ్ల గేటు దగ్గర కట్టె పట్టుకొని కూర్చునేది. నలభై గొంతుల లొల్లి కంటే ఒక్క గొంతు నయమని టాకీసు ముసలాయన ఆమెనే లోపల నిలబెట్టి, ఏం జరుగుతున్నదో మాకు తెలుగులో చెప్పమన్నాడు. ఆ రోజు నుంచి డేరా షెడ్డు అయ్యేదాకా మా ఊరి ఆడవాళ్లు సినిమాలు కళ్లతో చూసి, పారుబాయి గొంతుతో విన్నారు.

ఇది చెబితే శ్రీకాంత్ శ్రద్ధగానే విన్నాడు. పక్కన కూర్చున్న రాజలింగం సారు ఒప్పుకోలేదు. ఎనభై నాలుగేళ్ల మనిషి, తెల్ల ధోవతి, చేతిలో మడిచిన పేపరు. పాత సంగతులన్నీ శ్రీకాంత్ ఆయననే అడుగుతున్నాడు.

"గేటు కాడ కట్టె వట్టుకొని ఒక బాయి కూసుంటుండె. గంతే. కథ జెప్పుడేంది?" అన్నాడు.

"మీరు పరదా అవుతల ఉన్నరు సారూ. మీకు కనవడలే," అన్నాను.

"కనవడకుంటే వినవడదా? మేం ఉర్దూల చదివినోళ్లం. మాకు ఎవలు జెప్పే అవసరం లేకుండె. మీరు చిన్నపిల్లలు, ఎవలో మీ అవ్వనో చిన్నవ్వనో చెప్పి ఉంటది."

శ్రీకాంత్ ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు. "అవ్వా, నాకేం అభ్యంతరం లేదు. కని రాయి మీద ఒకసారి చెక్కితే చెక్కినట్టే. ఆమె బతికుంటే ఫోన్ల ఒక్క మాట చెప్పియ్యుండ్రి. లేకుంటే పాత ఫోటో ఏదన్న తెండ్రి. శనివారం పొద్దుగాల చెక్కేటాయన వస్తడు."

అది బుధవారం. షెడ్డు కట్టినాక పారుబాయి, ఆమె భర్త ఇచ్చోడ పోయి పిండిగిర్ని పెట్టుకున్నారని మాత్రం నాకు తెలుసు. ఆ మాట విని కూడా యాభై ఏళ్లు దాటింది.

ఆ రాత్రి మా తమ్ముడింట్లో పండుకున్నాం. మరదలు కోడిని కోస్తానంటే వద్దన్నాను. నర్సవ్వ నా మీద అలిగింది.

ఘాటు మీద

ఆర్మూరులో బస్సు మారినప్పుడు మా పక్కన ఒక పిల్లతల్లి కూర్చుంది. భర్త దుబాయిలో ఉంటాడట. ఒళ్లో పిల్లవాడిని నిద్రపుచ్చి, చప్పుడు లేకుండా ఫోన్లో హిందీ సినిమా చూస్తున్నది.

"సమజైతదా బిడ్డా?" అని అడిగాను.

"కింద తెలుగుల రాతొస్తది అవ్వా," అని ఫోను నా ముందు పెట్టింది.

నేను మూడో తరగతి దాకా చదివాను. మొదటి మాట చదివేలోపు రెండోది వచ్చి దాన్ని తుడిచేసింది. మనిషి అయితే "ఆగు, మళ్లా చెప్పు" అనొచ్చు. ఆ రాతను ఏమనగలం?

నిర్మల్ దాటినాక ఘాటు ఎక్కాం. ఫాల్గుణం కాబట్టి అడవిలో ఆకులన్నీ రాలి మోదుగుపూలు మాత్రం ఉన్నాయి. కరీంనగర్‌లో మోదుగు అంటే విస్తరాకు. ఇక్కడ కొండకు కొండే ఎర్రగా ఉంది. నర్సవ్వ ఫోటోలు తీస్తుంటే చెయ్యి బయట పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెంప పక్క నుంచే కొమ్మ దూసుకుపోయేసరికి తనే లోపలికి తీసుకుంది.

ఇచ్చోడ

పెద్ద రోడ్డు మీద పెద్ద ఊరు. దిగగానే ఆకలి. హోటల్లో ఇడ్లీ అడిగితే పోహా ఉందన్నాడు. మా దిక్కు అటుకులను పండుగకో పిల్లలకో చేస్తాం. ఇక్కడ పొద్దున్నే అందరూ అదే తింటారు, పైన సన్న కారప్పూస, నిమ్మచెక్క. ప్లేటు ముప్పై రూపాయలు. ఇద్దరికి ఒకటి చాలన్నాను. నర్సవ్వ నా మాట పూర్తి కాకముందే రెండు చెప్పింది. కడుపు నిండింది కానీ ఆ అటుకులు అర్ధపావు కూడా ఉండవు.

పిండిగిర్ని అని అడుగుతూ పోయాం. ఉన్న గిర్నీలన్నీ కరెంటువి, నడిపేవాళ్లంతా కొత్తవాళ్లు. ఒకాయన చర్చి వెనక ఉన్న కరుణమ్మను అడగమన్నాడు. ఆమె చర్చివాళ్ల మిషన్ హాస్టల్లో పిల్లలకు వండిపెట్టిన మనిషి. ముప్పై ఏళ్లు పారుబాయి గిర్నిలోనే జొన్నలు పట్టించిందట.

కరుణమ్మ మమ్మల్ని ఎవరని అడగకముందే కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టెలు కొట్టి, పిట్ల అనే శనగపిండి కూర చేసి పెట్టింది. మా రొట్టె కంటే ఈ దిక్కు రొట్టె పల్చన, వెడల్పు. నర్సవ్వ ముక్క తుంచి నోట్లో పెట్టుకునే సమయానికి కరుణమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నర్సవ్వ నమలలేక, ఉమ్మలేక, బుగ్గలో పెట్టుకుని కూర్చుంది. ప్రార్థన పొడుగ్గానే సాగింది. మా ప్రయాణం కోసం, పారుబాయి కళ్ల కోసం, వానల కోసం, మేనకోడలి పరీక్షల కోసం.

ఆమేన్ అన్నాక కరుణమ్మ, "ఇగ మింగు అక్కా," అన్నది.

పారుబాయి బతికే ఉందని అప్పుడు తెలిసింది. భర్త పోయాక గిర్ని అమ్మేసి ఉట్నూర్ అవతల కొడుకు దగ్గరికి పోయిందట.

"కళ్లు ఆగమైనయి. మాట మాత్రం అట్లనే ఉన్నది," అన్నది కరుణమ్మ. "గిర్ని కాడ పిండి పట్టేదాక కథలు చెప్తుండె. మా వంతు అయిపోయినా లేవకపోతుంటిమి."

"ఏం కథలు?" అని అడిగాను.

"సినిమా కథలే. మా హాస్టల్ల ఒక సిస్టరు హైదరాబాద్‌ల గవే పిక్చర్లు జూసిందట. పారుబాయి చెప్పేది వేరే తీరు ఉన్నదని ఒకటే నవ్వు."

నర్సవ్వ నా దిక్కు చూసింది. నేను రొట్టె దిక్కు చూశాను.

రాత్రి అక్కడే పండుకున్నాం. పొద్దున పోయేటప్పుడు ఆమె చేతిలో వంద పెట్టబోతే కరుణమ్మ తీసుకోలేదు. కట్టుకున్న సర్వపిండిలో మిగిలింది ఇస్తే తీసుకుంది.

ఉట్నూర్ అవతల

ఉట్నూర్ దాకా జీపు. పది మంది పట్టే దాంట్లో పదిహేడు మందిని లెక్కపెట్టాను, డ్రైవరు పక్కన కూర్చున్న మేకను వదిలేసి. అక్కడి నుంచి పారుబాయి ఊరికి ఆటో. ఎండ ముదిరేసరికి చేరాం. దారంతా ఇప్పపూల వాసన. మా దిక్కు ఆ పూలను ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ప్రతి చెట్టు కింద ఊడ్చి శుభ్రంగా పెట్టుకున్నారు, రాలిన పువ్వుకు మట్టి అంటకుండా.

పారుబాయి ఇంటి ముందు చాప మీద ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. ఆమె నులకమంచం మీద కూర్చుని కట్టెతో మేకలను అదిలిస్తున్నది. ఎనభై ఎనిమిదేళ్లు ఉంటాయేమో. కళ్ల మీద తెల్లపొర.

"ఎవలు బాయీ?"

"మెట్‌పల్లి నుంచి వచ్చినం. డేరా టాకీసుల నీ ముంగట కూసున్న పోరిలం," అన్నాను.

"మెట్‌పల్లిల మస్తు పోరిలుండె. ఏడ్చే పోరివా, అడిగే పోరివా?"

"నేను ఏడ్చేదాన్ని. అడిగేది గీమె," అన్నది నర్సవ్వ.

"అడిగేది యాదికున్నది. రీలు రీలుకు 'మరెందుకట్ల జేసిండు' అని నా పానం తీస్తుండె," అని మంచం మీద జరిగి చోటిచ్చింది.

కోడలు చాయ్ తెచ్చింది, పాలు లేకుండా, బెల్లంతో. నేను వచ్చిన పని చెప్పాను. రాయి సంగతి, నాలుగు పేర్ల సంగతి, రాజలింగం సారు అన్న మాట. ఫోన్లో శ్రీకాంత్‌తో ఒక్క మాట చెబితే చాలన్నాను.

పారుబాయి చాలాసేపు మేకలను అదిలించింది. రెండే మేకలున్నాయి, అవి కూడా దూరంగా ఉన్నాయి.

"వద్దు బాయీ," అన్నది చివరికి. "నా పేరు రాయిపియ్యకు."

"ఎందుకొద్దు? హిందీ మాటలను తెలుగుల జెప్పినవు. గా పని ఇంకెవలు జేసిండ్రు?"

"హిందీ నాకేడొచ్చు? మరాఠీ వచ్చు. దానికి దగ్గరున్న మాట దొరికితే వట్టుకుందును. సగం సమజైతుండె. తక్కిన సగం నేనే కుట్టిన."

నర్సవ్వ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. నేను ఇంట్లో చిన్నపిల్లలు చెప్పిన చిన్న అబద్ధానికి కూడా ఊరుకునేదాన్ని కాదు. ఈమె మాట పట్టుకుని ఒక మగవాడిని ఏడాది బయట ఉంచాను.

"గా నీళ్ల చెంబు పిక్చరు?" అని అడిగాను. "తలుపు పెట్టుకునేది. అది సుత కుట్టిందేనా?"

పారుబాయికి వెంటనే గుర్తొచ్చింది.

"అది కుట్టలే. అది మార్చిన."

"మార్చుడేంది?"

"గా మాట నాకు మంచిగ సమజైంది. 'మాఫ్ కరో' అని ఆమెనే అంటది. పోయినోడు వాడు, ఇంకోదాన్ని వెట్టుకున్నోడు వాడు. మాఫీ అడిగేది ఆమె. గది నా నోటికి రాలే బాయీ." కట్టె నేల మీద పెట్టింది. "నేను తెర దిక్కు మర్లి చెప్పలేదు గద. మీ దిక్కు మర్లి చెప్పేదాన్ని. రెండో వరుసల ఒకామె కూసున్నది. ఎవలో నేను చెప్ప. ఆమె మొగడు సుత గట్లనే పోయిండు. ఆమె ముందటి వారమే చేదబాయిల దుంకవోతే ఎవలో పట్టుకొచ్చిండ్రు. తెర ఎలుగుల ఆమె మొఖం నాకు కనవడుతుంది. ఏమని చెప్పాలె? మాఫీ అడిగి లోపలికి తోల్కవొయ్యిందని చెప్పాల్నా?"

ఆమె ఎప్పుడూ తెరకు వీపు పెట్టే నిలబడేదన్నది నాకు అప్పుడు తట్టింది. ఎందుకని అడిగే పిల్లనై ఉండి కూడా ఆ ఒక్కటి ఎన్నడూ అడగలేదు.

నేను మా ఆయన సంగతి చెప్పాను. అరుగు సంగతి, ఏడాది సంగతి. నర్సవ్వ మధ్యలో "మా అన్న చలికి వణికిండు" అని కలిపింది.

"ఏడాదా?" అన్నది పారుబాయి. "నేను తలుపు పెట్టిచ్చిన గని, ఎప్పుడు తీయాల్నో చెప్పకపోతిని. తీసినంక మంచిగున్నడా?"

"ఉన్నడు. పోయేదాక తిన్న కంచం తనే కడుక్కున్నడు."

"ఇగ ఫికరేంది?"

ఫికరు ఉంది. నేను ఫోను తీశాను. ఆమె చేత్తో పక్కకు నెట్టింది.

"పేరు వెట్టుకుంటే వెట్టుకోండ్రి. నీ ఇష్టం. కని హిందీ వచ్చని రాయకుండ్రి. అది అబద్ధం. గా సారుకు, ఈ పిలగానికి నేను మాత్రం ఏం జెప్ప. గప్పుడు సుత పరదా ఇవుతల్నుంచే మాట్లాడిన."

ఫోటో ఉందా అని కోడలిని అడిగాను. ఆధార్ కార్డు ఫోటో ఒక్కటే ఉందన్నది. తిరిగి వచ్చేటప్పుడు పారుబాయి కొంగులో పట్టినంత ఇప్పపువ్వు ఇచ్చింది. వేయించి తింటే మోకాళ్లకు మంచిదట. జీపులో పక్కామె అది చూసి ముక్కు మూసుకుని, మేం సారా కాచడానికి తీసుకుపోతున్నామని అనుకుంది. నర్సవ్వ కాదనకుండా కన్ను కొట్టింది.

మళ్లీ మెట్‌పల్లి

ఎన్ని బస్సులు మారినా దారంతా ఒకటే ఆలోచన. ఫోటో లేదు, మాట లేదు. పైగా ఆమె తర్జుమా చేయలేదని ఆమే ఒప్పుకుంది. నర్సవ్వ, "గది వాళ్లకెందుకు చెప్పుడు? మార్చిందని చెప్తే ఉన్న పేరు సుత పోతది," అన్నది. అది తెలివైన మాటే. కానీ రాయి మీద పేరు కోసం పోయి అబద్ధం పట్టుకొని రావడం నాకు చేత కాదు.

శనివారం పొద్దున మేం పోయేసరికి రాయి వచ్చింది. చెక్కేటాయన సుద్దతో గీతలు గీసి, నాలుగు పేర్లు రాసి, ఉలి పక్కన పెట్టుకుని బీడీ తాగుతున్నాడు. శ్రీకాంత్ కుర్చీలు వేయించాడు. రాజలింగం సారు అప్పటికే ఉన్నాడు.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పారుబాయికి హిందీ సగమే వచ్చు. సగం కల్పించి చెప్పింది. ఒకచోట తెలిసి తెలిసి మార్చింది. ఫోన్లో మాట్లాడనన్నది.

శ్రీకాంత్ ముఖం చిన్నబోయింది. రాజలింగం సారు పేపరు మడత సరిచేసుకున్నాడు.

"నేను ముందే చెప్పిన గద," అన్నాడు. "ఆడోళ్లకు ఏదో ముచ్చట జెప్పి కూసోవెట్టి ఉంటది. దానికి రాయి మీద పేరు వెడితే రేపు మనల్ని నవ్వుతరు. ఏం మార్చిందట?"

నేను నోరు తెరవకముందే నర్సవ్వ అందుకుంది. "ఒక పిక్చరు ఉండె సారూ. మొగడు పట్నం పోయి తిరిగొస్తడు, పెండ్లాం నీళ్లిస్తది, తలుపు మూసుకుంటది. మా ఆయన చెప్పిండు, ఆమెనే మాఫీ అడిగి లోపలికి..."

"తప్పు," అన్నాడు రాజలింగం సారు.

"ఏది తప్పు?"

"మీ ఆయన తప్పు జెప్పిండు. గా పిక్చరు నేను రెండుసార్లు జూసిన. మాఫీ గీఫీ ఏం లేదు. నీళ్లు తాగినవు, ఇగ నీ తొవ్వల నువ్వు పో అంటది. అని వాని మొఖం మీద తలుపు వెడ్తది. మస్తు పౌరుషం గల్లది."

చెక్కేటాయన బీడీ నోట్లోనే ఉంది. శ్రీకాంత్ నా దిక్కు చూశాడు, సారు దిక్కు చూశాడు.

"సారూ," అన్నాను మెల్లగా, "గా మాట హిందీల ఎట్లంటది?"

ఆయన నోరు తెరిచాడు. ఏదో వెతుక్కున్నట్టు కూలిన గోడల దిక్కు చూశాడు. మళ్లీ నోరు మూసుకున్నాడు. ఆ మాట ఆ సినిమాలో లేదు. పారుబాయి నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు. విన్నవాళ్లకే అది తెలుస్తుంది.

పెద్దమనిషి, ఎనభై నాలుగేళ్లవాడు. ఆయన సిగ్గును బజార్లో పెట్టి నాకు వచ్చేదేముంది?

కాసేపటికి ఆయనే అన్నాడు. "నాలుగు తరగతులే సదివిన. కచేరీ కాయిదం సదవొస్తుండె. పిక్చర్ల మాట జోరుగ పోతుండె, అందకపోతుండె." పేపరు మళ్లీ మడిచాడు. "అందరు సమజైనట్టు నవ్వుతుంటే నేను సుత నవ్విన. తర్వాత తర్వాత గోనె పరదా పక్కకు పోయి కూసున్న. నేనొక్కన్నే అనుకుంటున్నరా? గా పక్కన జాగ దొరక్కపోతుండె."

నర్సవ్వ నవ్వబోతే నేను మోచేత్తో పొడిచాను.

"రాయి శ్రీకాంతూ," అన్నాడు సారు. "ఆమె పేరు రాయి. పైన రాయి."

"ఏమని రాయాలె అవ్వా?" అని శ్రీకాంత్ నన్ను అడిగాడు. "హిందీ నుంచి తెలుగుల చెప్పింది అని రాయాల్నా?"

"వద్దు. అది ఆమె చేయలే. పారుబాయి, కథ చెప్పింది. గంతే రాయి."

చెక్కేటాయన మొదటి పేరు పైన సుద్దతో రాశాడు. పారుబాయిలో మూడో అక్షరానికి దీర్ఘం మరచిపోతే నేనే చూసి చెప్పాను. ఉలి పెట్టేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత నీడకు పోయి పారుబాయి కోడలికి ఫోన్ చేశాను. ఆమె ఫోను అత్త చెవి దగ్గర పెట్టింది. జరిగిందంతా చెప్పాను. సారు ఏమన్నాడో, పరదా పక్కన మగవాళ్లకు జాగా ఎట్లా దొరక్కపోయేదో చెప్పాను.

అవతల ఆమె మేకలను అదిలించిన చప్పుడు వినిపించింది.

"నాకెరుకే బాయీ," అన్నది పారుబాయి. "గోనెల సందుల నుంచి బీడీ వాసన వస్తుండె. గందుకే నేను సుత పరదా దిక్కు జరిగి, జర గట్టిగ చెప్తుంటి."